నాన్న రాయని కొలత

మా నాన్నగారు వెల్దుర్తిలో ఇల్లు కట్టించింది 1994లో. మా పుట్టిన తేదీలు, అక్క పెళ్లి తేదీ కుటుంబ బైబిలు మొదటి పేజీలో ఆయన చేతిరాతతో ఇప్పటికీ ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకు ఎక్కడ కట్టించారో మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ సంగతి ఆయనతోనే వెళ్లిపోయింది.

2024 మే నెలలో పిల్లలతో సెలవులకు వెళ్లాను. మరుగుదొడ్డిలో పోసిన నీళ్లు గుడగుడమంటూ వెనక్కి వస్తున్నాయి. "ట్యాంకు నిండిందిరా" అన్నది అమ్మ. బండిని పిలుద్దామంటే ముందు మూత ఎక్కడుందో తెలియాలి గదా! మా పల్నాటిలో నాపరాయికి కొదువ లేదు. దొడ్డి అంతా అవే పరిచి ఉన్నాయి. మూత కూడా వాటిలో ఒకటే అయి ఉంటుంది.

తోచిన చోటల్లా రాళ్లు లేపబోయాను. పక్కింటి పెద్దాయన ఒకప్పుడు తాపీమేస్త్రి. ఆయన చూసి, "తవ్వటం తర్వాత, గొట్టం ఎటు పోయిందో చూడు బాబూ" అన్నాడు. మురుగు పల్లానికే పోతుంది. గొట్టం గోడలోంచి బయటపడిన చోటు పట్టుకుని వాలు వెంబడి నడిచాము. ప్రహరీ వారగా జాజితీగ అల్లుకున్న పాత గాలిగొట్టం కనబడింది. అయితే ట్యాంకు దగ్గర్లోనే ఉన్నట్టు. మేస్త్రి గడ్డపారతో ఒక్కొక్క రాయినే మెల్లగా తట్టుకుంటూ వెళ్లాడు. నేల గట్టిగా ఉన్నచోట 'టక్' మన్నది. ఒకచోట మాత్రం బోలుగా మోగింది.

సరిగ్గా అక్కడే మా చిన్నమ్మాయి తొక్కుడుబిళ్ల ఆడుతున్నది. మేస్త్రి దాన్ని రెక్క పట్టుకుని ఇవతలికి లాగాడు. మట్టి తుడిచి చూస్తే రాయి మీద ఈ చివర నుంచి ఆ చివరకు పగులు! వారం రోజులుగా పిల్ల దాని మీదే గెంతుతున్నది. నాకు కాళ్లు ఆడలేదు.

మర్నాడు ట్యాంకరు వచ్చింది. నీరు తోడేశాక, "అడుగున గట్టిబడింది సార్, దిగి ఎత్తేస్తా, ఐదొందలు ఇవ్వండి" అన్నాడు వెంట వచ్చిన కుర్రవాడు. ఇరవై ఏళ్లుంటాయి. పని పూర్తవుతుందిలే అని నేను తల ఊపబోయాను. అమ్మ అడ్డుపడింది. "వద్దు నాయనా. నా మనవరాలు పడకూడని గుంటలో నువ్వు మాత్రం ఎందుకు దిగాలి?"

ఆ మాటకు సిగ్గుపడ్డాను. ట్యాంకులో ప్రాణవాయువు ఉండదు. అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, మనిషి నిమిషాల్లో కూలిపోతాడు. అతణ్ణి కాపాడబోయి దిగినవాడూ పోతాడు. మీథేన్ కూడా ఉంటుంది గనుక దగ్గర్లో బీడీ వెలిగించినా ప్రమాదమే. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దించటం 2013 చట్టం ప్రకారం నేరం. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్ని లక్షలిచ్చినా ఆ తల్లికి కొడుకు తిరిగి వస్తాడా? ఈ పనిలో మగ్గే మనుషుల కోసం పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ మన తెలుగు కుటుంబంలో పుట్టినవారే. కోలారు బంగారు గనుల ఊళ్లో ఆయన తండ్రి చేసింది పాకీ పనే.

చివరకు నీళ్లు పోసి, పొడుగాటి కర్రతో పైనుంచే కలియబెట్టి మళ్లీ తోడించాము. గంట ఆలస్యమైంది, అంతే. పగిలిన రాయి తీయించి ఇనుప కొక్కాలున్న కాంక్రీటు మూత వేయించాను. రెండు మూడేళ్లకొకసారి తోడిస్తుంటే అడుగు గట్టిపడదని మేస్త్రి చెప్పాడు.

మరుగుదొడ్డి మూల నుంచి 11 అడుగులు, ప్రహరీ నుంచి 4 అడుగులు. ఆ కొలతలతో బొమ్మ గీసి ఇంటి దస్తావేజుల్లో పెట్టాను. అమ్మ ఇంకొక కాగితం మీద రాయించుకుని బైబిలు మొదటి పేజీలో పెట్టింది.

"పుట్టినరోజులు రాసుకునే చోట ఇదేమిటమ్మా?" అన్నాను.

"పుట్టినవాళ్లు బతకొద్దా?" అన్నది అమ్మ.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లో పెద్దలు ఉండగానే అడిగి తెలుసుకోండి. ఆ చోటు పిల్లలకు చూపించండి. ఒక కాగితం మీద రాసి పెట్టండి.