చదువరుల సంఘము

ఉగాండా దేశమందలి గాండా భాషలో ‘అబసోమి’ యను మాట కలదు. చదువరులని దాని యర్థము. క్రైస్తవ మతమును నేర్వవచ్చిన వారిని ఆ దేశీయులు పిలిచిన పేరది. మతసంఘమునకు చదువరులని పేరు వచ్చుట నాకు వింతగా తోచి, ఆ చరిత్రను శ్రద్ధతో చదివితిని.

1877లో ఆంగ్లికన్ మతబోధకులు ముతేసా రాజు కొలువున ప్రవేశించిరి. మరుసటి యేట వచ్చిన అలెగ్జాండర్ మెకే అచ్చుయంత్రమును నెలకొల్పి, గాండా భాషలో పాఠములను ముద్రించి పంచెను. 1884లో విశాలమైన తూర్పు ఆఫ్రికా భూభాగమునకు ఒక అధ్యక్ష మండలము నేర్పరచి, జేమ్స్ హానింగ్టనును బిషప్పుగా నియమించిరి. ఆయన రాజధాని చేరక మునుపే 1885లో హతుడయ్యెను. 1886లో మ్వాంగా రాజు ఆనతిచే, ఆంగ్లికనులు కాథలికులను భేదము లేక, ఎందరో యువకులైన చదువరులు నముగోంగోలో అగ్నికి ఆహుతియైరి. అయినను చదువు ఆగలేదు.

బోధ విదేశీయుల చేతిలోనే నిలిచిపోకుండుటయే ఇందులకు కారణమని నా తలంపు. బిషప్ టక్కర్ 1893లో గాండావారికి డీకన్ పట్టము నొసగెను. 1896లో బైబిలు గాండా భాషలో సంపూర్ణముగా వెలువడెను. ఆ యనువాదమునకై శ్రమించిన పిల్కింగ్టనుతో పాటు హెన్రీ రైట్ డూటాయను దేశీయుని పేరును స్మరింపదగినది. దేశీయులగు ఉపాధ్యాయులు కాలినడకను ఊరూర తిరిగిరి. వారిలో అపోలో కివెబులాయా టోరో సీమను దాటి, కాంగో అడవుల యంచున నున్న మ్బోగా వరకు పోయెను.

టోరోవారి భాష వేరు. వారు మొదట గాండా పుస్తకములనే చదివిరి. కాని తమ భాషలోనే గ్రంథము కావలెనని కోరి, సాధించుకొనిరి. 1961లో ఉగాండా, రువాండా, బురుండి సంఘములు స్వతంత్ర మహామండలమైనవి. 1966లో తొలి ఆఫ్రికన్ ఆర్చిబిషప్పైన ఎరికా సాబిటి గాండావాడు కాడు, అంకోలే సీమవాడు. నేడు ఉగాండాలో 30కి పైగా అధ్యక్ష మండలము లున్నవి.

పరభాషల నడుమ కాపురమున్న మనకు టోరోవారి పట్టుదల ఆలోచింపదగినది. తమిళదేశమున నాలుగు తరములుగా నున్న మా యింట అందరును తెలుగు పలుకుదురు. లిపి నెరిగినవారము ఇద్దరమే. మన సంఘముల సభ్యుల పట్టికలు ఏటేట పెరుగుచున్నవి. వారిలో చదువరు లెందరో ఒకసారి లెక్కించి చూడవలెను.