స్ప్రింగ్‌ఫీల్డులో రివాల్వరు బేరం

మసాచూసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డు తుపాకుల ఊరు. అక్కడి ప్రభుత్వ ఆయుధాగారం 1968లో మూతబడి ఇప్పుడు మ్యూజియం అయింది. అది చూద్దామని వెళ్ళిన నన్ను మా తమ్ముడు తుపాకుల కొట్టుకు లాక్కుపోయాడు. వాడు రాత్రిళ్ళు పెట్రోలు బంకులో కూర్చుంటాడు. రోజూ జేబులో పెట్టుకునే రివాల్వరు కావాలిట, చవకది, మొరాయించనిది.

కొట్టులోని ముసలాయన ముందు లైసెన్సు చూశాడు. "ఒక తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గరు నొక్కండి, చక్రం తిరిగి రెండోది వస్తుంది. రివాల్వరు మీద నమ్మకమంతా అందుకే" అన్నాడు. 1950లో స్మిత్ అండ్ వెస్సన్ వారు తెచ్చిన అయిదు తూటాల పొట్టి రకం ఒకటీ, ఆరు తూటాల బరువుది ఒకటీ తీశాడు. తేలికది మోయడానికి సుఖమే గాని, పేలిస్తే చేతిని గట్టిగా తంతుందిట. పాతది కొంటే, ఖాళీగా ఉన్నప్పుడు ట్రిగ్గరు లాగి పట్టి చక్రం కదిపి చూడాలిట. వదులుగా ఆడితే ఎంత చవకైనా వద్దన్నాడు. మా ఆవిడ కుండను వేలితో కొట్టి చూసి కొనడం గుర్తొచ్చింది.

తమ్ముడు పొట్టిదానికే మొగ్గాడు.

"ఇంట్లో ఎక్కడ పెడతావురా?" అన్నాను. వాడికి నాలుగేళ్ళ కూతురు.

నా తెలుగు ఎలా అర్థమైందో గాని, ముసలాయన తాళం వేసే చిన్న ఇనప్పెట్టె బల్లమీద పెట్టాడు. ఆ రాష్ట్రంలో అది చట్టం కూడాను. పెట్టె ఖరీదు కలిపేసరికి చవక బేరం కాస్తా ఎగిరిపోయింది.

"వచ్చే నెల చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

ఆ రాత్రి వాడు ఉత్తచేతులతోనే డ్యూటీకి వెళ్ళాడు. మరదలు తెల్లవార్లూ దీపం ఆర్పలేదు.