కంచికచర్ల పునుగుకి లాగోస్ చుట్టం

పేరు పఫ్‌పఫ్. ఊరు నైజీరియా. చూస్తే మాత్రం అచ్చం మన బండి మీది మైసూర్ బజ్జీయే! దాన్ని కంచికచర్ల వంటింట్లో చేసుకోవాలంటే కొత్తగా కొనాల్సింది ఒకే ఒక్క చిన్న పొట్లం. ఆ చుట్టరికం కూపీ లాగితే బయటపడేది మాత్రం మనం మరిచిపోతున్న ఓ గింజ కథ.

సాయంత్రం ఆరున్నర. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో 30 కిలోమీటర్ల పైచిలుకు దూరాన కంచికచర్ల. దొనబండ వైపు నుంచి కంకర లారీలు దుమ్ము రేపుకుంటూ వస్తుంటాయి. కాలేజీ బస్సులు పిల్లల్ని దించి వెళ్తుంటాయి. పొలం పనులు ముగించుకున్నవాళ్లు, బస్సు కోసం చూసేవాళ్లు, ఊరికే కబుర్లకొచ్చినవాళ్లు... అందరి చూపూ ఒకవైపే. రోడ్డు పక్క బండి మీద సలసలా కాగుతున్న మూకుడు వైపు!

బండివాడు తడిచేత్తో పిండి తీసి వేళ్ల కొసల నుంచి టపటపా జారవిడుస్తాడు. మునిగిన ముద్ద క్షణంలో తేలుతుంది. చిల్లుల గరిటెతో ఒక్క తిప్పు. బంగారు రంగు రాగానే పైకి. కాగితం ప్లేటులో పునుగులు, పక్కన అల్లం చట్నీ. నోరు కాలుతున్నా ఆగేదెవరు?

లాగోస్‌కీ మనకీ నాలుగున్నర గంటల తేడా. ఇక్కడ ఆరున్నరయితే అక్కడ మధ్యాహ్నం రెండు. బడులు వదిలే వేళ. నైజీరియాలోని ఆ మహానగరంలోనూ రోడ్డు పక్కన ఇలాంటి మూకుడే కాగుతుంటుంది. దాని వెనక ఎక్కువగా కనిపించేది ఓ అమ్మ. ఆమె చెయ్యీ తడిగానే ఉంటుంది. పిండిని గుప్పిట్లోకి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండితే గుండ్రటి ముద్ద నూనెలోకి జారుతుంది. బడిసంచీ భుజానేసుకున్న పిల్లలు చుట్టూ మూగుతారు. అదే పఫ్‌పఫ్!

అక్కడి పిల్లకీ ఇక్కడి పిల్లాడికీ భాష కలవదు, తిండి కలవదు అనుకుంటాం. సాయంత్రపు ఆకలి మాత్రం ఇద్దరినీ ఒకే మూకుడు ముందు నిలబెడుతుంది.

బూరె బుగ్గల పఫ్‌పఫ్

ఇంతకీ ఏముంటుంది ఇందులో? మైదా, పంచదార, ఉప్పు, గోరువెచ్చటి నీళ్లు, కాస్త జాజికాయ పొడి... ఇవన్నీ కంచికచర్లలో ఏ కిరాణా కొట్టుకెళ్లినా దొరికేవే. ఇంట్లో లేనిది ఒక్కటే... ఈస్ట్. పెద్ద కిరాణా కొట్లలోనో బేకరీవాళ్లని అడిగితేనో చిన్న పొట్లం దొరుకుతుంది.

అరకిలో మైదాకి 100 గ్రాముల పంచదార, రెండు చెంచాల ఈస్ట్, అరచెంచా ఉప్పు, చిటికెడు జాజికాయ పొడి వేసి కలపాలి. దాదాపు 400 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చేత్తోనే బాగా గిలక్కొట్టాలి. పిండి గారెల పిండంత గట్టిగానూ ఉండకూడదు, దోసెల పిండిలా జారిపోనూకూడదు. చేత్తో ఎత్తితే సాగుతూ రావాలి. గిన్నె మీద తడిగుడ్డ కప్పి పక్కన పెడితే ముప్పావుగంట, గంటలో రెట్టింపవుతుంది. ఇక్కడ కంచికచర్లకో వెసులుబాటు ఉంది. ఎండాకాలం వాతావరణ వార్తల్లో తరచూ వినిపించే నందిగామ పక్కూరే కదా! వేసవిలో అయితే పిండి అరగంటకే పొంగి గిన్నె అంచుని పలకరిస్తుంది.

ఇక నూనె. మూకుట్లో ముద్ద మునిగి తేలేంత లోతుండాలి. చిన్న చుక్క వేసి చూస్తే అది వెంటనే పైకి రావాలి, కానీ నల్లబడకూడదు. సెగ ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. తక్కువైతే నూనె పీల్చేస్తుంది. సరిగ్గా కుదిరిందా... ఓ పక్క వేగగానే ముద్ద తనంతట తానే బోర్లా తిరుగుతుంది. పిల్లలకు ఆ గమ్మత్తు చూపిస్తే వంటింట్లోంచి కదలరు. వేగాక చూస్తే బూరె బుగ్గలే!

ఈస్ట్ దొరక్కపోతే మన పద్ధతి ఉండనే ఉంది. పుల్లపెరుగు, చిటికెడు వంటసోడా. మైసూర్ బజ్జీని పొంగించేది అవే. పెరుగులోని పులుపు సోడాని తాకగానే గాలిబుడగలు పుడతాయి. ఈస్ట్ అయితే చక్కెర తింటూ నెమ్మదిగా అదే పని చేస్తుంది. ఆ నెమ్మదిలోనే పఫ్‌పఫ్‌కి రొట్టెలాంటి వాసన, లోపల జాలీలాంటి మెత్తదనం వస్తాయి. సోడాతో ఆకారం వస్తుంది కానీ ఆ వాసన రాదు.

పఫ్‌పఫ్‌కి చుట్టుపక్కల దేశాల్లో మారుపేర్లున్నాయి. ఘనాలో బోఫ్రోట్ అంటారు, కాంగోలో మికాతే అంటారు. మనం కృష్ణా దాటగానే వంటకం పేరు మార్చేయమూ, అలాగే!

డబ్బాలో చిన్‌చిన్

సంక్రాంతికి మన ఇళ్లలో జంతికలు, అరిసెలతో పాటు ఓ డబ్బా నిండా మైదా బిస్కెట్లు ఉంటాయి. చపాతీలా వత్తి, కత్తితో డైమండ్లుగా కోసి, కరకరలాడేలా వేయించేవి. నైజీరియాలో క్రిస్మస్‌కి, పెళ్లిళ్లకి చేసే చిన్‌చిన్ వాటికి తోడబుట్టినట్టే ఉంటుంది. చుట్టాలొస్తే ముందు ఆ డబ్బాయే బయటికొస్తుంది.

తేడా ఎక్కడంటే... అక్కడ పిండిలో వెన్న, పాలు, గుడ్డు, జాజికాయ పడతాయి. అరకిలో మైదాకి 100 గ్రాముల వెన్న వేసి పొడిపొడిగా నలపాలి. 125 గ్రాముల పంచదార, ఒక గుడ్డు, సరిపడా పాలు పోసి గట్టి ముద్ద చేయాలి. మందంగా వత్తి చిన్న చిన్న చదరాలుగా కోసి, సన్నసెగ మీద వేయించాలి. చల్లారాకే డబ్బాలో పోయాలి, వేడిగా పోస్తే మెత్తబడతాయి. ఈ చివరి జాగ్రత్త మన అమ్మలకి ఒకరు చెప్పక్కర్లేదు.

మన బండి మీద ఎగ్ బజ్జీ ఉందిగా, దానికీ అక్కడో జోడీ ఉంది. ఉడికించిన గుడ్డు చుట్టూ తియ్యటి మైదా పిండి చుట్టి నూనెలో వేయిస్తారు, పేరు ఎగ్ రోల్. ఇక లాగోస్ విందుల్లో ‘స్మాల్ చాప్స్’ అని ఓ పళ్లెం తిరుగుతుంటుంది. అందులో పఫ్‌పఫ్ పక్కనే దర్జాగా కూర్చునేది ఎవరనుకున్నారు? మన సమోసా!

గింజ వచ్చింది అక్కడినుంచే

ఇప్పటిదాకా చెప్పుకున్నవి పోలికలు. అసలు చుట్టరికం అకరాతో మొదలవుతుంది.

నైజీరియాలో పొద్దుటి పలహారం అకరా. పశ్చిమాన యొరుబా వాళ్లు అకరా అంటే, ఉత్తరాన హౌసా వాళ్లు కొసాయ్ అంటారు. దేంతో చేస్తారు? బొబ్బర్లతో! మనం కొన్నిచోట్ల అలసందలనీ అంటాం. బొబ్బర్లని కాసేపు నానబెట్టి, చేతులతో రుద్ది, పొట్టు తీసేస్తారు. మళ్లీ గంటో రెండు గంటలో నాననిచ్చి, ఉల్లిపాయ, ఘాటైన మిరపకాయ కలిపి, నీళ్లు బాగా తక్కువ పోసి రుబ్బుతారు. ఆ పిండిని గాలి పట్టేదాకా గిలక్కొట్టి, వేయించే ముందు ఉప్పు కలిపి, గరిటెతో నూనెలోకి జారవిడుస్తారు.

ఈ పద్ధతి మెట్ట ప్రాంతపు అమ్మమ్మకి చెబితే ‘ఇదేం కొత్త, బొబ్బర గారెలేగా’ అనేస్తుంది. చిల్లు ఒక్కటే తక్కువ! కంచికచర్ల నుంచి పడమటికి వెళ్తే నందిగామ, జగ్గయ్యపేట, ఆ పైన తెలంగాణ. ఖమ్మం వైపు బొబ్బెర గారెల రుచి చెప్పక్కర్లేదు. డెల్టాకేమో మినప గారెలంటేనే మోజు. ఈ రెండు రుచులూ కలిసే దారిలో కూర్చుంది కంచికచర్ల. పక్కనే పరిటాలలో 2003లో వెలసిన 135 అడుగుల ఆంజనేయుడున్నాడు. ఆ స్వామికి వడమాల గుచ్చాలంటే ఎన్ని గారెలు కావాలో లెక్కేసుకోండి!

వంట ఒకటే కావడం యాదృచ్ఛికమే కావచ్చు. గింజ ఒకటే కావడం మాత్రం కాదు. బొబ్బర పుట్టిల్లు ఆఫ్రికా. ఘనాలో 3,500 ఏళ్లకు పైబడిన బొబ్బర గింజలు తవ్వకాల్లో దొరికాయి. ఆ పాతకాలంలోనే అది సముద్రాలు దాటి మన దేశానికీ చేరింది. అదొక్కటే కాదు, మెట్టవాళ్ల కంచాన్ని తరతరాలుగా నింపిన జొన్న, సజ్జ, రాగి కూడా ఆఫ్రికా నుంచి వచ్చినవే. ఇవాళ ప్రపంచంలో బొబ్బర్లు ఎక్కువగా పండించే దేశం నైజీరియా.

అకరా ప్రయాణం మరోవైపు కన్నీళ్లతో సాగింది. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకెళ్లినవాళ్లు దాన్ని బ్రెజిల్‌కి మోసుకెళ్లారు. బాహియా రాష్ట్రంలో అది అకరాజే అయింది. తెల్లటి గౌనుల్లో వీధి పక్కన కూర్చుని అకరాజే అమ్మే మహిళల వృత్తిని బ్రెజిల్ ప్రభుత్వం 2005లో జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. గారెలు వేయించే చేతికి అంత గౌరవం!

మరి ఇక్కడ? మెట్ట చేలల్లో పత్తి, మిర్చిదే రాజ్యం. జొన్నలోనో కందిలోనో అంతరపంటగా నాలుగు సాళ్లు బొబ్బర వేసుకునే అలవాటు పలచబడింది. బండి మీద మైదా, శనగపిండి, మినప్పిండి కనిపిస్తాయి. బొబ్బర గారె కోసం మాత్రం వెతుక్కోవాలి. కారణం పెద్ద రహస్యమేం కాదు. మైదా సంచీ విప్పితే చాలు పిండి సిద్ధం. బొబ్బర్లని నానబెట్టాలి, పొట్టు తీయాలి, రుబ్బాలి. అంత ఓపిక, తీరిక బండివాడికీ లేవు, ఇంట్లోనూ తగ్గిపోతున్నాయి. పోయేది రుచి ఒక్కటే కాదు. 100 గ్రాముల బొబ్బర్లలో 23 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటే, మైదాలో 10 గ్రాముల దాకానే ఉంటాయి.

నూనె కూడా చుట్టమే!

అకరాని అక్కడ వేరుశనగ నూనెలోనో పామాయిల్‌లోనో వేయిస్తారు. వాళ్ల సంప్రదాయ పామాయిల్ ఎర్రగా, చిక్కగా ఉంటుంది. రుచి, వాసన దానివే. మన బండ్ల మీద ఎక్కువగా వాడేది రంగూ వాసనా తీసేసిన పామాయిల్. ఆ చెట్టు పుట్టిల్లూ పశ్చిమాఫ్రికాయే. ఇప్పుడు ఏలూరు వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా దాని తోటలే. ఆయిల్‌పామ్ మీద పరిశోధించే జాతీయ సంస్థ ఉన్నది కూడా అక్కడి పెదవేగిలోనే. అంటే కంచికచర్ల మూకుట్లో కాగే నూనెకీ లాగోస్ మూకుట్లో కాగే నూనెకీ చెట్టు ఒకటే!

ఆ నూనె ధర పెరిగితే దెబ్బ కూడా ఇద్దరికీ ఒకలాగే తగులుతుంది. 2022 ఏప్రిల్ చివర్లో ఇండొనేసియా పామాయిల్ ఎగుమతుల్ని దాదాపు నెలరోజులు ఆపేసింది. అంతకుముందే యుక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె ప్రియమైంది. బండివాడు ఏం చేస్తాడు? ధర పెంచితే గిరాకీ పోతుంది, అందుకని ప్లేటులో ఒక పునుగు తగ్గిస్తాడు. నైజీరియాలో 2024 మధ్యలో ఆహార పదార్థాల ధరల పెరుగుదల 40 శాతం దాటింది. గోధుమ చాలావరకు దిగుమతి చేసుకునే దేశం అది. అక్కడి అమ్మకీ అదే చిక్కు... ధర పెంచడమా, పఫ్‌పఫ్ సైజు తగ్గించడమా? బడి నుంచి వచ్చే పిల్లాడి జేబులో చిల్లర మాత్రం పెరగదు కదా. మూకుడు మీద వచ్చే నాలుగు డబ్బులతోనే పిల్లల ఫీజులు కట్టి, ఇల్లు నడిపే ఆడవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. నూనె డబ్బా ధర వాళ్లకి వార్త కాదు, బతుకు లెక్క.

ఈ ఆదివారం...

పఫ్‌పఫ్ చేయండి, పిల్లలు ఎగిరి గంతేస్తారు. చిన్‌చిన్ చేసి డబ్బాలో పోయండి, వారం రోజులు నములుకోవచ్చు. కానీ ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. పొద్దున్నే ఓ గ్లాసుడు బొబ్బర్లు నానబోయండి. పొట్టు తీసే పని పిల్లలకి అప్పగించండి. నీళ్లలో వేసి రుద్దుతుంటే పొట్టంతా తేలిపోతుంది, వాళ్లకదో ఆట. పచ్చిమిర్చి, అల్లం, ఉల్లిపాయ వేసి గట్టిగా రుబ్బండి. సగం పిండికి చిల్లు పెట్టి గారెలు వేయండి. మిగతా సగం గరిటెతో జారవిడిచి అకరాలు వేయండి.

రెండూ ఒకే పళ్లెంలో పెట్టి, ‘ఏది మనది, ఏది వాళ్లది?’ అని ఇంట్లో అమ్మమ్మని అడగండి. ఆవిడ రెండూ రుచి చూసి, ‘ఉప్పు సరిపోయింది, ఇంకో వాయి వెయ్యి’ అంటుంది!