గాలి లేని నాటి కెరటం

ఆ ఉదయం కేరళ తీరంలోని మన బార్జికి ‘సముద్రం ప్రశాంతం’ అని సూచన పంపినవాడిని నేనే. మధ్యాహ్నం గాలి లేకుండానే దీర్ఘమైన కెరటాలు లేచాయి. పడవలోకి దిగుతున్న సహోద్యోగి ఒకరికి చేయి విరిగింది.

మా కంప్యూటర్ నమూనా పరిధి అరేబియా సముద్రంతోనే ముగిసేది. ఆ కెరటాలో, దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫానులలో పుట్టి, రోజుల తరబడి పయనించి వచ్చినవి. కేరళ జాలరులు వాటిని ‘కళ్ళక్కడల్’, అనగా దొంగ కడలి, అంటారు.

తరువాత నమూనాను మెరుగుపరచినప్పుడు దాని పరిధిని దక్షిణాన 60 డిగ్రీల అక్షాంశం వరకు పెంచాము. అలల ఎత్తుతో పాటు అలకూ అలకూ నడుమ వ్యవధిని కూడా తెలుపసాగాము. అయినను, మేము తెలిపే ఎత్తు మిక్కిలి ఎత్తయిన మూడవ వంతు అలల సగటు మాత్రమే. ఒకానొక అల దానికి రెండింతలు కావచ్చు.

‘ప్రశాంతం’ అన్న మాటను నేను మరల ఎన్నడూ వ్రాయలేదు.