విజిట్ మీద వస్తానంటున్న మేనల్లుడు

పోయిన ఆదివారం జగిత్యాల దగ్గరి మా ఊరినుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, విజిట్ వీసా మీద రమ్మంటున్నరు. అక్కడికచ్చినంక కంపెనీ వీసా కొట్టిస్తరట" అన్నాడు. వాడి గొంతులో సంతోషం వింటుంటే నాకు కాళ్లు వణికాయి.

నేను దుబాయ్‌కి వచ్చింది 2006లో. ఆఫీసు బాయ్ పని అన్నారు, దిగాక సెంట్రింగ్ చెక్కలు మోయించారు. లక్షా ఇరవై వేల అప్పు, నూటికి మూడు రూపాయల మిత్తి. నెల తిరిగేసరికి మిత్తే 3,600. జీతం 600 దిర్హాములు. మెస్సుకు 150 పోతే మిగిలిన 450, అప్పటి రేటుకు అయిదున్నర వేల రూపాయలు. మిత్తి కట్టాక అసలుకు జమయ్యేది రెండు వేలు కూడా కాదు. ఇంటికి పైసా పంపకుండా కట్టినా మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలోనే నాయిన పోయాడు. నేను పోలేకపోయాను. తలకొరివి చిన్నాయిన పెట్టాడు.

అయినా వాణ్ని రావద్దని అనను. మా చెల్లె పెండ్లి, ఊళ్లో బోరుబావి, అమ్మ కంటి ఆపరేషన్ అన్నీ ఈ ఎడారి పైసలతోనే అయ్యాయి. ఇక్కడి ఎండను తిడుతూ ఆ మాట దాచిపెడితే అబద్ధమాడినట్టే.

రావాలి, కానీ పని వీసా మీద రావాలి. పది పాస్ కాని మా వాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. అలాంటివాళ్లు పనికోసం గల్ఫ్‌కి పోవాలంటే సర్కారు అనుమతి తీసుకోవాలి. దాంతోపాటు పది లక్షల ప్రమాద బీమా చేయిస్తారు. ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. విజిట్ మీద ఎక్కిస్తే ఇవేవీ ఉండవు. వచ్చేవాడు కాగితాల్లో టూరిస్టు. టూరిస్టు పని చేస్తే ఇక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా ఏమని ఫిర్యాదు చేస్తాడు? గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా, నెలకు 1,500. మా క్యాంపులో హెల్పర్‌కి అంత జీతం లేదు.

అట్లా చిక్కుకున్నవాళ్లను ఇక్కడ కల్లివెల్లి అంటారు. 2024 సెప్టెంబర్‌లో ఇక్కడి సర్కారు ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఇచ్చినప్పుడు ఒక కల్లివెల్లి పిల్లగాణ్ని వెంటబెట్టుకుని పోయాను. సిరిసిల్ల వైపు వాడు. నాలుగేళ్లుగా పోలీసు బండి కనిపిస్తే సందుల్లోకి ఉరికినోడు. ఇంటికి పోయే అనుమతి కాగితం, ఔట్‌పాస్, చేతికి రాగానే దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, గుండెమీద చెయ్యి తియ్యకుండా బస్సెక్కాడు. వాడికి 26 ఏళ్లు.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. "సరే మామా" అన్నాడు. ఆ సరేలో నమ్మకం లేదు. ఆఫర్ లెటర్ ఫొటో పంపమన్నాను. నిన్న రాత్రి వచ్చింది. కంపెనీ పేరుంది, ముద్రుంది. పని ఏందో, జీతమెంతో రాసే చోట ఖాళీ.

వెంటనే ఫోన్ చేస్తే అక్క ఎత్తింది. "పైసలు కట్టినం తమ్మీ" అంది.

ఏజెంటు లైసెన్సు నంబర్ అడిగాను. అక్కకు ఆ సంగతే తెలియదు.

"మన ఊరాయనేరా, మంచోడే" అంది.