అమ్మమ్మ కోళ్లకి చక్రాల ఇల్లు

అమ్మమ్మ పొద్దున్న ఎనిమిదిలోపు ఎప్పుడూ ఫోన్ చేయదు. రాత్రి పొద్దుపోయేదాకా పని చేసి పడుకుంటానని తెలుసు. ఆ రోజు మాత్రం ఆరున్నరకే చేసింది. స్క్రీన్ మీద పేరు చూడగానే గుండె జారింది.

"ఏం లేదే అమ్మడూ, ఊరికే చేశా" అంది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. "రాత్రి ఏదో వచ్చి నాలుగు పెట్టల్ని చంపేసింది. తిన్నది ఒకటే. మిగతావి ఊరికే కొరికి పడేసింది. పోనీలే, ఇంక కోళ్లు వద్దులే."

కోళ్లు పోయాయన్న మాట కంటే ఆ చివరి మాటే నన్ను భయపెట్టింది.

ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. తాతయ్య పోయి మూడేళ్లు. తణుకు దగ్గర పల్లెలో ఆ పాత పెంకుటింట్లో అమ్మమ్మ ఒక్కతే ఉంటుంది. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి వచ్చేయమని అమ్మ అడుగుతూనే ఉంటుంది. "నా కోళ్లని ఎవరు చూస్తారే" అనేది అమ్మమ్మ పర్మనెంట్ సమాధానం. ఆ సమాధానం పోతే ఆవిడ దగ్గర ఇంకో సమాధానం లేదు. అమ్మకి అది తెలుసు, నాకూ తెలుసు. మియాపూర్‌లో ఏడో అంతస్తు బాల్కనీలో కూర్చుని కింద పార్కింగ్ చూస్తూ ఉండే అమ్మమ్మని నేను ఊహించుకోలేకపోయాను.

మేనేజర్‌ని అడిగి రెండు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకున్నా. హోమ్ అంటే ఏ ఇల్లో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మా అమ్మమ్మ కోళ్ల పద్ధతి ఊళ్లో అందరిదే. పగలంతా పెరట్లో, గట్ల మీద తిరుగుతాయి. పిల్లల కోడిని గంప కింద కమ్మి పైన రాయి పెడుతుంది. మిగతావి చీకటి పడగానే పశువుల పాకలో దూలాల మీదకి ఎక్కేస్తాయి. ఇప్పుడు పశువులు లేవు, పాక మాత్రం ఉంది. మనుషుల అలికిడి తగ్గిన చోటికి మిగతావన్నీ వస్తాయి కదా. పక్క కొబ్బరి తోటలోంచి మానుపిల్లి, కాలవ గట్టు నుంచి ముంగిస, ఊరకుక్కలు, పిల్లల కోసం గద్ద, గుడ్ల కోసం పాము. ఈ మధ్య కోతులు కూడా.

మొదటి రోజు సాయంత్రమే లాప్‌టాప్‌లో డిజైన్ గీసేశా. ఇంటర్నెట్ నిండా ఇలాంటి కదిలే కోళ్ల గూళ్లే. గర్వంగా స్క్రీన్ చూపిస్తూ వివరించాను. "రోజూ ఒక చోట నుంచి ఇంకో చోటికి జరుపుతాం అమ్మమ్మా. కొత్త గడ్డి దొరుకుతుంది, రెట్ట ఒకే చోట పేరుకోదు, నేలకి ఎరువు."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసి, "గంప లాగా అన్నమాట" అంది.

అవును. గంప లాగానే. వందల ఏళ్ల నుంచి మన పెరట్లో ఉన్న వస్తువునే నేను ఇంగ్లిష్‌లో కనిపెట్టాను.

మొదటి గూడు కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. పాత మంచం చెక్కలు, టౌన్‌లో హార్డ్‌వేర్ షాపు నుంచి కోళ్ల మెష్, కట్టడానికి బైండింగ్ వైరు. ఆరు గళ్ల తేనెపట్టులా ఉండే ఆ మెష్ మీకు తెలిసే ఉంటుంది. పేరులోనే కోళ్లు ఉన్నాయి కదా, ఇంకేం ఆలోచించాలి అనుకున్నా. పెద్దపెద్ద సిస్టమ్స్‌లో ఎక్కడ ఏం విరిగిపోతుందో ముందే ఊహించడం నా ఉద్యోగం. ఇక్కడ మాత్రం పేరు చూసి నమ్మేశాను.

ఆ మెష్ చేసే పని కోడిని లోపల ఉంచడం. బయటిదాన్ని బయట ఉంచడం దానికి చేతకాదు. సన్నటి తీగని మెలిపెట్టి అల్లినది అది. పళ్లతో లాగితే సాగుతుంది, తుప్పు పడితే చేత్తోనే చిరుగుతుంది.

రెండో రాత్రి మూలలో వైరు కట్టిన చోట మెష్ ఊడిపోయింది. నా పిడికిలి పట్టేంత సందు. పొద్దున్నే చూస్తే నల్ల పెట్ట లేదు. మిగతా నాలుగు పెట్టలూ, పుంజూ ఎదురు మూలలో ఒకదాని మీద ఒకటి నక్కి ఉన్నాయి. నల్ల పెట్ట అంటే అమ్మమ్మ చేతిలో నూకలు తినేది. వంటింట్లోకి వచ్చి పీట పక్కన కూర్చునేది. పాక దూలం మీద వదిలేసి ఉంటే బతికేదేమో. నేను పెట్టెలో పెట్టి తాళం వేసి అప్పగించాను.

అమ్మమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఈకలు ఏరి కొబ్బరి మొదట్లో పూడ్చింది. అనేసి ఉంటే బాగుండేది.

పక్కింటాయన గోడ మీంచి చూసి, "గుళికల మందు కలిపి చేప ముక్క పెట్టండి, రెండ్రోజుల్లో తేలిపోద్ది" అన్నాడు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఆ మందు తిన్నదాన్ని కుక్క తింటుంది, కాకి తింటుంది. ముంగిస పోతే దొడ్లోకి పాములొస్తాయన్నది ఆవిడ లెక్క. పైగా ముంగిస, మానుపిల్లి రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవే, చంపడం నేరం. ఆ మాట నేను చెప్తే ఆయన నవ్వాడు గానీ, మందు ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం అమ్మమ్మ పొయ్యిలో బూడిద తెచ్చి పాడైన గూడు చుట్టూ జల్లెడతో పల్చగా చల్లింది. "ఎవరొస్తున్నారో తెలియకుండా తలుపు ఎలా పెడతావే?" అని అడిగింది. నా పదేళ్ల చదువులో రిక్వైర్‌మెంట్ అనాలిసిస్ గురించి ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

పొద్దున్నే బూడిదలో అడుగులు. ఫోన్‌తో ఫొటో తీసి పోల్చి చూశాను. పిల్లికైనా కుక్కకైనా నాలుగు వేళ్లే పడతాయి, కుక్కకైతే గోళ్ల గుర్తులు కూడా. ఇక్కడ అయిదు వేళ్లు. మానుపిల్లికీ ముంగిసకీ అయిదే. కానీ ముంగిస పగటి జంతువు, రాత్రి తిరిగేది మానుపిల్లి. అడుగులు కొబ్బరి చెట్టు దగ్గర మొదలై అక్కడే ఆగిపోయాయి. అంటే వచ్చేది చెట్టెక్కగలదు, రాత్రి వస్తుంది, పళ్లతో లాగుతుంది. పగలు తవ్వేది ముంగిస. రెండు వేర్వేరు సమస్యలు. నేను ఒకే పరిష్కారం కట్టాను.

రెండో గూడు కోసం వెల్డింగ్ షాపుకి వెళ్లాను. ఆయన నా డ్రాయింగ్ అటూ ఇటూ తిప్పి, "ఆరడుగులు పొడవు, నాలుగు వెడల్పు, నాలుగు ఎత్తు. ఇంచు స్క్వేర్ పైపు వేసేద్దామా అమ్మా? ఏనుగెక్కినా ఏం కాదు" అన్నాడు. ఏనుగు మాట సరే, దీన్ని లాగాల్సింది అరవై ఎనిమిదేళ్ల ఆవిడ. అక్కడే బల్ల మీద కూర్చుని బరువులు లెక్కేశాను. వెనక చక్రాలు, ముందు పట్టుకుని ఎత్తే పిడి. ఇంచు పైపుతో పిడి దగ్గర 22 కిలోలు తేలింది. ముప్పావు ఇంచు పల్చటి పైపుకి దిగి, కోళ్లు పడుకునే చెక్క అరని సరిగ్గా చక్రాలకి దగ్గరగా జరిపి, పిడిని ఇంకాస్త పొడవు చేస్తే 15 కిలోలకి వచ్చింది. తాపీ మేస్త్రుల తోపుడు బండి సూత్రమే, బరువు చక్రం దగ్గర ఉంటే చేతికి తక్కువ పడుతుంది. పదిహేను కిలోలంటే నిండు బిందె. అమ్మమ్మ ఇప్పటికీ మోస్తుంది.

చక్రాల దగ్గర ఒక చిక్కు వచ్చింది. చక్రాలు నేలకి ఆనితే ఫ్రేము పైకి లేచి కింద సందు ఉంటుంది. సందు ఉంటే ముంగిస దూరుతుంది. చక్రాలు తీసేస్తే జరగదు. దీని మీద ఒక రాత్రంతా పోయింది. చివరికి ఇరుసుని ఫ్రేము వెనక అంచు దాటించి, బయటికి బిగించాం. చక్రం నేలకి అర ఇంచు ఎత్తులో వేలాడుతుంది. మామూలుగా ఫ్రేము నేల మీద బోర్లా పడి ఉంటుంది, చుట్టూ సందు లేదు. ముందు పిడి ఎత్తగానే వెనక చక్రాలు కిందకి దిగి నేలకి ఆనుతాయి, వెనక అంచు లేస్తుంది, బండి కదులుతుంది. పిడి దించితే మళ్లీ బోర్లా. మొదటిసారి అది పని చేసినప్పుడు వెల్డింగ్ ఆయనా నేనూ షాపు ముందు రోడ్డు మీద నాలుగుసార్లు అటూ ఇటూ లాగాం. చక్రాలు పాత మోపెడ్‌వి, పాత సామాన్ల కొట్టులో దొరికాయి. సైకిల్ చక్రాలు సన్నం, మా నల్లరేగడి వానకి మెత్తబడితే కూరుకుపోతాయి.

ఈసారి మెష్ అర ఇంచు గళ్ల వెల్డ్ మెష్. కోళ్ల మెష్ కంటే ఖరీదు చాలా ఎక్కువ, నిజమే. కానీ ప్రతి కూడలి దగ్గరా తీగ అతుక్కుని ఉంటుంది, లాగితే సాగదు, పాము తల కూడా కష్టమే. వైరుతో కట్టడం మానేసి, మెష్ మీద ఇనప పట్టీ పెట్టి స్క్రూలు బిగించాం. ఫ్రేము చుట్టూ బయటికి అడుగు వెడల్పు మెష్ అంచు నేల మీద పరుచుకునేలా బందులతో వేలాడదీశాం. తవ్వే జంతువు ఎప్పుడూ గోడ మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ కాళ్ల కింద మెష్ తగిలితే ఆగిపోతుంది. ఒక అడుగు వెనక్కి వెళ్లి సొరంగం వేద్దామన్న ఆలోచన దానికి రాదు. జరిపేటప్పుడు ఆ అంచుని పైకి మడిచేయొచ్చు. రాత్రి పడుకునే అర మాత్రం నేలకి అడుగున్నర ఎత్తులో, ఆరు వైపులా మూసే ఉంటుంది. తలుపుకి గడియ ఒక్కటే కాదు, దానికి స్ప్రింగ్ కొక్కెం కూడా. గడియ జరపడం కోతికి వచ్చు. నొక్కిపట్టి తిప్పడం ఇంకా రాలేదు, ప్రస్తుతానికి.

పైన రేకు వేయబోతుంటే అమ్మమ్మ అడ్డుపడింది. "మే నెల్లో ఉడికిపోతాయే, గుడ్లు పెట్టక్కర్లేదు, ఉడకబెట్టినవే వస్తాయి." రేకు మీద రెండు వరసల తాటాకు కప్పించింది. అర పైభాగంలో గాలి ఆడటానికి రెండు వైపులా మెష్ కిటికీలు పెట్టాను. రెట్ట ఘాటు లోపల నిలిస్తే కోళ్లకి ఊపిరి ఇబ్బంది. పడుకునే వెదురు కర్రలు గుడ్లు పెట్టే పెట్టె కంటే ఎత్తులో ఉండాలి. కోడి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తైన చోటే నిద్రపోతుంది, పెట్టె ఎత్తుగా ఉంటే అందులోనే పడుకుని గుడ్ల మీద రెట్ట వేస్తుంది. ఇదీ అమ్మమ్మ చెప్పిందే. కొక్కెర తెగులుకి మాత్రం ఏ గూడూ అడ్డుపడదు, దానికి పశువుల ఆసుపత్రిలో టీకా వేయించాల్సిందే. ఆ పని అదే వారం అయింది.

కోళ్లని పెట్టే ముందు రెండు రాత్రులు ఖాళీ గూట్లో ఎండుచేపలు వేలాడదీశాం. నా పాత ఫోన్‌ని బల్బు కింద పెట్టి వీడియో ఆన్ చేశా. చుట్టూ అమ్మమ్మ బూడిద. మొదటి రాత్రి వీడియోలో రెండు కుక్కలు, ఒక పిల్లి. రెండో రాత్రి ఒంటిగంట దాటాక కొబ్బరి చెట్టు మీంచి అది దిగింది. పొడవాటి తోక, బూడిద రంగు ఒళ్లు, మెరిసే కళ్లు. గూడు మీదకెక్కి తాటాకు పీకింది. మూలలన్నీ కొరికి చూసింది. నలభై నిమిషాలు. నా కోడ్‌ని ఇంత ఓపిగ్గా ఏ టెస్టరూ చూడలేదు. తర్వాత వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే అందంగా ఉంది. నల్ల పెట్ట గుర్తొచ్చి ఆ మాట అమ్మమ్మతో అనలేదు.

మొత్తం ఖర్చు తొమ్మిది వేలు దాటింది. నాలుగు పెట్టల గుడ్లతో ఈ డబ్బు ఎప్పటికి తిరిగొస్తుందో అమ్మ ఫోన్‌లో లెక్కేసి చెప్పింది. నేను వినలేదు.

నేను బయల్దేరే రోజు పొద్దున్న ఆరింటికి లేచేసరికి అమ్మమ్మ పెరట్లో ఉంది. మెష్ అంచులు మడిచి, చీర కుచ్చిళ్లు దోపి, పిడి ఎత్తింది. కోళ్లు ఇంకా అరలోనే ఉన్నాయి. కింద తిరుగుతుండగా లాగితే కాళ్లు నలుగుతాయని ఆ వేళ పెట్టుకుంది. ఆరడుగులు ముందుకి లాగి దించింది, తలుపు తీసింది. ఇలా రోజుకో చోటు జరిపితే మా అయిదు సెంట్ల ఖాళీ పెరడంతా చుట్టి రావడానికి మూడు నెలలు పడుతుంది. నిన్నటి చోట గడ్డి పీకేసి, రెట్టతో తడిగా, నాలుగు పలకల గుర్తు మిగిలింది. బూడిదలో అయిదు వేళ్ల అడుగులు ఒక చుట్టు చుట్టి వెళ్లిపోయి ఉన్నాయి.

"అమ్మకేం చెప్పమంటావు?" అని అడిగాను.

"సంక్రాంతికి మీరే రమ్మన్నానని చెప్పు" అంది.

పోయిన వారం మళ్లీ పొద్దున్న ఆరున్నరకే ఫోన్. ఈసారీ గుండె జారింది. ఎర్ర పెట్ట పొదుగు మీద కూర్చుందట, పదకొండు గుడ్లు పెట్టిందట. "ఇరవై ఒక్క రోజులేనే టైము. పిల్లల కోడికి విడిగా ఇంకోటి కావాలి, చిన్నది. చక్రాలు అక్కర్లేదులే, నేనే ఎత్తుకుంటా. ఆ వెల్డింగ్ అబ్బాయి నెంబరు నా దగ్గర లేదు."

నెంబరు పంపాను. కొలతలు ఆవిడే చెప్పుకుంటుందట.