మా ఇంటి బండలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదైనా రాసి పంపాలని వార్డెన్ సారు కబురు పెట్టినప్పుడు మా ఇంట్లో చిన్న చర్చే జరిగింది. అంబేద్కర్ గారి మీద రాయమని చెల్లెలు అన్నది. చదువు విలువ మీద రాయమని అమ్మ అన్నది. ఆ రెండింటి మీదా మన సంచికలో ప్రతి ఏడాదీ మాకన్నా బాగా రాసేవాళ్ళు ఉంటారు. అందుకని మేము మా ఇంట్లో పరిచిన బండల గురించి రాస్తున్నాం. నవ్వకండి తమ్ముళ్ళూ. మీలో సగం మంది నాయనలు ఇండ్లు కట్టే పనుల్లోనే ఉన్నారని మాకు తెలుసు. సెలవుల్లో మీరు కూడా సిమెంటు తట్టలు మోసినవాళ్ళే.

ఇక్కడ మేము అంటే జేజి, నాయన, అమ్మ, చెల్లెలు, ఇది రాస్తున్న పెద్దకొడుకు. ఐదుగురిలో డిగ్రీ దాటింది ఒక్కడే. మా జేజి వేలిముద్ర, నాయన కూడా వేలిముద్రే. అమ్మ డ్వాక్రా గ్రూపులో చేరినాక సంతకం నేర్చుకుంది.

మా ఇల్లు 2008లో ఇందిరమ్మ పథకం కింద వచ్చింది. రెండు గదులు, ముందర చిన్న వసారా, వెనక జాలాడి. గోడలు, స్లాబు అయ్యేసరికి డబ్బులైపోయి కింద మట్టినేలే మిగిలింది. మూడేండ్లు జేజి పేడతో అలికింది. తర్వాత నాయన పని చేసిన చోట్ల మిగిలిన సిమెంటు అడిగి తెచ్చి గచ్చు పోశాడు. అది ఒక్కసారి పోసింది కాదు, దొరికినప్పుడల్లా పోసింది. అందుకే ముక్కకో రంగు, ముక్కకో ఎత్తు. చీలికల్లోంచి చీమలు బారులు తీరేవి. ఆ గచ్చు మీదే మేము పదో తరగతి చదివాం, ఇంటరు చదివాం. హాస్టల్లో ఉన్నప్పుడు బేతంచెర్ల నాపరాళ్ళ మీద చాప వేసుకుని పడుకోవడమే మాకు సుఖంగా అనిపించేది. ఎండాకాలం ఆ రాయి ఎంత చల్లగా ఉంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు.

ఇందులో విచిత్రమేమిటంటే మా నాయన ఇరవై ఏండ్లుగా చేసేది బండలు పరిచే పనే. మొదట మాలు కలిపే కూలీ, తర్వాత మేస్త్రీ పక్కన సాయం, ఆ తర్వాత తనే బండల మేస్త్రీ. ఎవరెవరి ఇండ్లలోనో నాయన మోకాళ్ళ మీద నడిచాడు. ఇప్పుడు ఆ మోకాళ్ళు రెండూ వంగనంటున్నాయి.

ఒక ఇంటి సంగతి చెప్పాలి. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా వేసవి సెలవుల్లో ఆ ఇంట్లో నాయనకు సాయం చేశాం. తెల్లని నిగనిగలాడే బండలు, కింద చూస్తే ముఖం కనిపించేది. ఇరవై రోజులు ఆ ఇంటి ప్రతి గదిలోనూ, దేవుడి గదిలో కూడా, మేమే తిరిగాం. గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచారు. బయట షామియానా కింద విస్తరి వేశారు. చెల్లెలు లోపల చూసొస్తానని గడప దాకా పోతే, ఎవరో పెద్దామె "బయటే ఉండమ్మా" అని మెల్లగానే అన్నది. గట్టిగా అరవలేదు, తిట్టలేదు. నాయన విన్నాడు, విననట్టు నీళ్ళు తాగాడు. దాని గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మేము మటుకు ఆ తెల్ల బండను మరిచిపోలేదు.

2024లో అమ్మకు గ్రూపు నుంచి 20,000 అప్పు వచ్చింది. మాలో పీజీ చదివేవాడు ట్యూషన్లు చెప్పి దాచింది కొంత ఉంది. చెల్లెలికి సంబంధాలు వచ్చే వయసు, వచ్చినవాళ్ళు ముందు నేల చూస్తారని అమ్మ అంటుంది. బండలు వేద్దామనుకున్నాం.

షాపుల్లో విట్రిఫైడ్ అని, పుస్తకాల్లో పోర్సిలిన్ అని అనేది దాదాపు ఒకే జాతి బండ. చైనా మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ పొడి కలిపి పెద్ద ప్రెస్సులో ఒత్తి, సుమారు 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ వేడికి ఫెల్డ్‌స్పార్ కరిగి రేణువుల మధ్య సందులన్నీ నింపేసి గాజులా గట్టిపడుతుంది. అందుకే అది నీళ్ళు పీల్చదు. పీల్చినా దాని బరువులో 0.5 శాతం లోపే. స్నానాల గది గోడలకు వేసే మామూలు సిరామిక్ బండ 10 శాతం పైనే పీల్చుతుంది. మన దగ్గర అమ్మేదాంట్లో ఎక్కువ సరుకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తుంది. ఇదంతా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువు. నాయన పద్ధతి వేరు. బండ తిరగేసి వీపు మీద నాలుక ఆనిస్తాడు. నాలుక అతుక్కుంటే అది నీళ్ళు పీల్చే రకం. అతుక్కోకపోతే మంచి సరుకు. మేము ల్యాబులో ఆరబెట్టి, ఉడకబెట్టి, రెండుసార్లు తూకం వేసి తేల్చేదాన్ని ఆయన నిమిషంలో తేలుస్తాడు.

షాపులో యజమాని మాలో చదువుకున్నవాడికి కుర్చీ వేశాడు. నాయన పెట్టెల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. రెండు బండలు తీసి ముఖానికి ముఖం ఆనించి, వంపు ఉందేమోనని వెలుతురుకు పెట్టి చూశాడు. పెట్టె మీద షేడ్ నంబరు ఉంటుంది. ఒకే పేరు, ఒకే రంగు అయినా వేరే నంబరు పెట్టె కలిస్తే పరిచినాక తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. నాయనకు అక్షరాలు రావు గానీ ఆ అంకెలు ఒక్కొక్కటే పోల్చుకుని 22 పెట్టెలూ చూశాడు. 22 ఎందుకంటే, మాకు కావాల్సింది 300 చదరపు అడుగులు. కోతలకు, పగిలేవాటికి పదో వంతు కలిపితే 330. రెండడుగుల బండలు పెట్టెకు నాలుగు. షాపతను పెట్టెకు 16 అడుగులని లెక్కగట్టి 21 చాలన్నాడు. ఆ బండ నిజానికి 60 సెంటీమీటర్లే, పెట్టెకు పదిహేనున్నర అడుగులే వస్తుందని నాయన చెప్పాడు.

నాయన మొదట చూపించింది వేరే బండ. బూడిద రంగు, మెరుపు లేని మ్యాట్ రకం, అడుగు 38 రూపాయలు. దాని మీద నీళ్ళు చల్లి అరచెయ్యి పెట్టి రుద్ది, మమ్మల్ని కూడా రుద్ది చూడమన్నాడు. "ఇది మన గచ్చులాగే ఉంది నాయనా" అన్నాం. తెల్లది, నున్నగా పాలిష్ పెట్టింది, అడుగు 42 రూపాయలది కావాలన్నాం. అన్నాం అని రాస్తున్నాం గానీ, అన్నది ఒక్కడే. షాపతను "బాగా చదువుకున్నారు సార్, మంచి సెలక్షన్" అన్నాడు. నాయన ఇంకేం మాట్లాడలేదు.

మే నెలలో పని మొదలుపెట్టాం. పాత గచ్చు పగలగొట్టకుండా దాని మీదే వేద్దామనుకున్నాం. గచ్చుకు గాట్లు పెట్టి, ఎత్తుపల్లాలు సరిచేసి, దుమ్మంతా కడిగి ఆరబెట్టాం. రసమట్టం పెట్టి చూస్తే వసారాకూ గదికీ అంగుళం తేడా. తలుపులు కింద కోయించాల్సి వచ్చింది.

మామూలుగా మాలు పరిచి, పైన సిమెంటు పాలు పోసి బండ అతికిస్తారు. నీళ్ళు పీల్చే బండకు అది చాలు. పోర్సిలిన్ పీల్చదు కాబట్టి సిమెంటు పాలు దాని వీపును సరిగ్గా పట్టుకోవు. కొందరు దాన్ని డ్రమ్ములో నానబెడతారు, ఉపయోగం లేదు. అందుకని గమ్ము సంచులు, అంటే కలిపి వాడే అడెసివ్, ఏడు తెచ్చాం. పళ్ళున్న తాపీతో గాళ్ళు గాళ్ళుగా పరిచి, బండ వీపుకు కూడా పలుచగా రాసి, రబ్బరు సుత్తితో తట్టాలి. మూలలు ఖాళీగా ఉండకూడదు. మే ఎండకు గమ్ము పైన పొర కట్టేస్తుంది. వేలితో తాకితే అంటుకోవాలి, లేకపోతే గీకి పారేయాలి. అందుకని నాయన తెల్లారుజామున నాలుగుకే మొదలుపెట్టి పదికి ఆపేవాడు.

బండకూ బండకూ మధ్య 2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్కలు పెట్టాడు. గోడ పక్కన పావు అంగుళం వదిలాడు. ఎందుకు వదలడమని చెల్లెలు అడిగితే, ఒక ఇంట్లో ఎవరో మేస్త్రీ సందు లేకుండా గోడకు బిగించి వేస్తే, మరుసటి ఎండాకాలం రాత్రిపూట బాంబు పేలినట్టు శబ్దం వచ్చి హాలు నడుమ బండలు పైకి లేచి నిలబడ్డాయని చెప్పాడు. వేడికి సాగే వస్తువుకు చోటు వదలాలని మేము పుస్తకంలో రైలు పట్టాల బొమ్మ చూసి నేర్చుకున్నాం. గోడ పక్క సందు స్కర్టింగ్ కింద కనపడకుండా పోయింది.

ఆరు రోజుల్లో అయిపోయింది. అమ్మ చెప్పులు గడప బయట విడవడం మొదలుపెట్టింది. చెల్లెలు వంగి ముఖం చూసుకుంది. నిజం చెప్పాలంటే మేమందరం చూసుకున్నాం.

బండలు వచ్చినాక ఇంటి అలవాట్లు మారాయి. సబ్బుపొడి నీళ్ళతో తుడిస్తే పైన జిడ్డు పొర మిగిలి జారుతుందని తెలిసింది. మంచినీళ్ళు, తడిగుడ్డ చాలు. జాయింట్లు నల్లబడితే యాసిడ్ పోయమని పక్కింటివాళ్ళు చెప్పారు. మాలో కెమిస్ట్రీ చదివినవాడు ఈ ఒక్కచోట పనికొచ్చాడు, యాసిడ్ సందుల్లోని సిమెంటునే తినేస్తుందని ఆపాడు. సిలిండరు ఈడ్చకూడదు, రేకు పెట్టె ఈడ్చకూడదు. వాకిట్లో గోనెపట్టా వేయాలి, కాలికంటిన ఇసుకే మెరుపును గీకేది. గడపకు పసుపు రాసే రోజు అమ్మ సందుల్లోకి కారకుండా గుడ్డ అడ్డం పెట్టుకుంటుంది. ముగ్గు మాత్రం తెల్ల బండ మీద కనపడదు. దానికి అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది.

ఆగస్టులో వాన కురిసిన సాయంత్రం జేజి జాలాడిలో కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తూ జారిపడింది. గదిలోకి రెండడుగులే వేసింది. తుంటి ఎముక విరిగింది. అలికిన నేల మీద, ముక్కల గచ్చు మీద డెబ్బై ఏండ్లు నడిచిన మనిషి.

ఆపరేషన్ రోజు ఆసుపత్రి వరండాలో నాయనా, పెద్దకొడుకూ పక్కపక్కన కూర్చున్నారు. చాలాసేపటికి నాయన అన్నాడు: "తడి కాలికి ఆ బండ నిలవదని నాకు తెల్సు. ఆ పొద్దే చెప్పల్లనుకున్యా. చదువుకున్నోనివి, నీకు తెలిసే ఉంటాది, నేను ఎందుకు మాట్లాడేది అనుకున్యా."

షాపులో ఆయన చెయ్యి పెట్టి రుద్దమన్నది అదే. మేము రుద్దాం కూడా. మా మనసు ఆ గృహప్రవేశం ఇంట్లో ఉంది.

జేజి నెల తర్వాత ఇంటికొచ్చింది, వాకర్ పట్టుకుని. నాయన అంతకుముందే జాలాడి నుంచి జేజి మంచం దాకా, వసారాలోనూ బండలు తీసేయడం మొదలుపెట్టాడు. ఉలి, సుత్తి పెట్టి రెండు రోజులు కొట్టాడు. మామూలుగా సరిగ్గా అతకని బండ అంచున ఉలి పెడితే పలకలా లేచి వస్తుంది. ఇక్కడ ఒక్కటి కూడా నిండుగా రాలేదు. అన్నీ ముక్కముక్కలై, వీపుకు గమ్ము పట్టుకునే వచ్చాయి. నాయన ఒక ముక్క తిప్పి చూసి, "చూడు, యాడా ఖాళీ లేదు" అన్నాడు. ఆ మాట సంతోషంగా అన్నాడో, ఏడుస్తూ అన్నాడో మాకు తెలియలేదు. చెమట తుడుచుకున్నాడు.

అక్కడ పాలిష్ లేని బేతంచెర్ల నాపరాళ్ళు వేశాం, మన హాస్టల్లో ఉన్నట్టువే. ఈసారి షాపుకు నాయన ఒక్కడే పోయాడు. తెల్ల బండల మధ్య ఆ దారి బూడిద రంగులో వేరుగా కనిపిస్తుంది. వచ్చినవాళ్ళు డిజైనా అని అడుగుతారు. జేజి "నా దోవ" అంటుంది.

ఇటీవల నాయన రూపాయి బిళ్ళతో బండలన్నీ తట్టి చూశాడు. వీధి తలుపు పక్కన ఒక్కటి మాత్రం డొల్లగా మోగింది. అది ఆరో రోజు ఎండెక్కినాక, తన సరదా కోసం, మాలో చదువుకున్నవాడు వేసింది. గమ్ము పొర కట్టినా చూసుకోలేదు. తీసి వేద్దామా అంటే వద్దు, ఎవరూ తొక్కే చోటు కాదులే అన్నాడు. మంచం కింద ఇంకా ఆరు బండలు మిగిలి ఉన్నాయి. ఆ షేడ్ నంబరు నాయనకు నోటికి వచ్చు.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ